నోరు తెరవనని మాత్రమే అన్నాను

మా అమ్మాయి బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. మనిషి బుద్ధి మార్చుకోవడం గురించి ఇంగ్లీషువాళ్లు వాడే పలుకుబళ్లు ఆ వారం ఎనిమిదో తరగతికి చెప్పాలట. మంచం మీద చార్టులు పరుచుకుని రంగు పెన్నుతో రాస్తోంది. కొత్త పేజీ తిప్పడం, సాక్సులు పైకి లాక్కోవడం, దారి బాగుచేసుకోవడం. అన్నిటికీ అర్థం ఒకటేనంది: ఇకనైనా సరిగ్గా ఉండు.

"సాక్సులు లాక్కుంటే బుద్ధెలా మారుతుందే? బందరు ఉక్కకి కాళ్లు పాచిపోతాయి గానీ."

"ఇవి పిల్లలకి నాన్నా. నీకు విడిగా చెప్తాను," అంటూ పెన్నుకి మూత పెట్టింది.

విడిగా చెప్పింది ఇది. శనివారం గుడివాడలో పెళ్లిచీరలు కొంటాం. తనకి కాబోయే అత్తగారు అవనిగడ్డ నుంచి వస్తారు. ఆవిడ ముందు నేను బేరమాడకూడదు.

నేను పెరిగింది మా నాన్న స్టీలు సామాన్ల కొట్లో. ఒకపక్క బట్టల కొట్టు, ఇంకోపక్క కిరాణా. చెప్పిన ధరకి ఏదైనా కొంటే ఇప్పటికీ నాకు ఆ పూట అన్నం సహించదు. ఈ ఇంగ్లీషు పలుకుబళ్లలో నాకు నచ్చనిది ఒకటుంది. పేజీ ఎవరిది వాళ్లే తిప్పుకోవాలి, సాక్సులు ఎవరివి వాళ్లే లాక్కోవాలి. అవతలి మనిషి లాగకుండా ఏ ధరా దానంతటది దిగడం నేను చూడలేదు. మనిషి మాత్రం ఎలా దిగుతాడు?

అందుకని అమ్మాయితోనూ బేరానికి దిగాను.

"సగం మానేస్తాను."

"పూర్తిగా."

"పోనీ చీరలకి మానేస్తా. జాకెట్టు గుడ్డలు నాకొదిలెయ్."

"నాన్నా, రేపు ఆ ఇంట్లో ఉండాల్సింది నేను. పిసినారి కూతురు అంటే పడాల్సిందీ నేనే."

అక్కడితో బేరం ముగించాను. "సరే, కొట్లో నోరు తెరవను," అన్నాను.

శనివారం గుడివాడ కొట్లో మెట్ల దగ్గర చెప్పులు విడిచి, పరుపుల మీద కూర్చున్నాం. చర్చిలో పెళ్లి కాబట్టి ముందు తెల్లచీర. కొనేది మగపెళ్లివారు. సన్నంచు తెల్ల పట్టుచీర ఒకటి విప్పగానే మా అమ్మాయి "ఇదే!" అనేసింది. నచ్చిందని కొట్టువాడి ఎదుట అనకూడదని చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. ఇంగ్లీషు వచ్చింది గానీ అది రాలేదు.

కొట్టతను ధర చెప్పాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"కాస్త చూసి చెప్పు బాబూ," అన్నారు వియ్యపురాలు.

"మీకని చివరి రేటే చెప్పానమ్మా."

ఆవిడ అప్పుడే సంచీ జిప్పు మీద చెయ్యి వేశారు. చివరి రేటట! మా నాన్న ఆ మాటతోనే బేరం మొదలుపెట్టేవాడు. మా అమ్మాయి నన్నే చూస్తోంది. నేను నోరు తెరవలేదు. లేచి మెట్ల దగ్గరికి వెళ్లి ఒక చెప్పు తొడుక్కున్నాను. రెండోదాన్ని కాలితో వెతుకుతూ నిలబడ్డాను. కొట్టు నడిపేవాళ్లెవరికైనా ఆ ఒంటి చెప్పు అర్థమవుతుంది: ఈ మనిషి పోతున్నాడు, పిలిచేదుంటే ఇప్పుడే పిలువు.

"బాబాయ్‌గారూ, ఎక్కడికండీ? రండి, కూర్చోండి! రేటు సంగతి మాట్లాడుకుందాం."

రెండో చెప్పూ తొడుక్కున్నాను. అతను కొంత తగ్గించాడు. ఒక మెట్టు దిగాను. ఇంకొంత తగ్గించాడు. అప్పుడు లోపలికి చూస్తే మా అమ్మాయి తల వంచుకుని చీర అంచు నలుపుతోంది. వెంటనే వచ్చి కూర్చున్నాను. వియ్యపురాలి ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

చీర తీసుకుని బయటికొచ్చాక ఆవిడ నా పక్కకి చేరారు. మా అమ్మాయి వెనకే ఉంది.

"అన్నయ్యగారూ, ఒక మాటంటే ఏమనుకోరుగా?"

"చెప్పండమ్మా."

"తొందరపడి వచ్చేశారు. ఇంకో మెట్టు దిగుంటే ఇంకా తగ్గేవాడు."

తిరుగు బస్సు గుడ్లవల్లేరు దాటాక మా అమ్మాయి నా వైపు తిరిగింది. "వచ్చేవారం సామాన్లకి వెళ్లాలి. ఈసారి నీ చెప్పులు నా సంచీలో ఉంటాయి."

"ఒకటి మెట్ల దగ్గర వదలొచ్చా?"

తన సంచీ జిప్పు లాగింది.

"ఒక్కటే," అంది.