అమ్మ పంపని మెసేజీ

మా చిన్నప్పుడు, కిరండూల్ ఇనుప గని ఆఫీసులోకి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులవి... నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. మా అమ్మ లోడింగ్ సెక్షన్‌లో గుమాస్తా. ఖనిజం తీసుకెళ్లే గూడ్సుబండి ఎప్పుడొస్తుందో కొండ మీద గనిలో పనిచేసేవాళ్లకు ఆ మిషన్‌లోనే మెసేజీ పెట్టేది.

ఒకరోజు అమ్మ పేరు మీద "ఇవాళ బండి రద్దు" అని మెసేజీ వెళ్లింది. కొండ మీది వాళ్లు పని ఆపి దిగిపోయారు. బండేమో వచ్చింది... సాయంత్రం దాకా ఖాళీగా నిలబడింది. పెద్దసాబు అమ్మకు మెమో ఇచ్చాడు. రేపు పదింటికల్లా సంజాయిషీ చెప్పుకోకపోతే సస్పెన్షన్.

ఇంటికొచ్చి అమ్మ అంట్లు దబదబా పడేసి తోమసాగింది. "నేను పెట్టలేదండీ. కింద నా పేరే ఉందట, ఇంకెవరు నమ్ముతారు?"

నాన్న స్టేషన్ మాస్టర్. విజయనగరం మనిషి, దేనికీ తొందరపడడు. "మా టేసన్లో ఫోన్లో ఎవరేటి చెప్పినా, తన కాడ మాత్రమే ఉండే కాగితంలోని ప్రైవేట్ నంబరు చెప్పాల. లేకపోతే ఆ మాట చెల్లదు. మీ మిషన్ ఏటడుగుద్ది?"

అమ్మ తోమడం ఆపేసింది. "ఏటీ అడగదు... పేరు కొట్టమంటది, అంతే."

మర్నాడు మా బడికి సెలవు, నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. పదింటికి పెద్దసాబు సెక్షన్‌లోకి వచ్చాడు. అమ్మ సంజాయిషీ రాయలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, పంపేవారి పేరు దగ్గర సాబు పేరు కొట్టింది. కింద... "స్టాఫందరికీ రేపు సెలవు" అని కొట్టి అన్ని గదులకీ పంపేసింది.

నిమిషంలో పక్క గదుల్లోంచి చప్పట్లు. సాబు తెర మీదికి వంగి తన పేరు చూసుకున్నాడు. "మైనే కబ్ భేజా?" అన్నాడు.

"అదే సార్, నేను మాత్రం ఎప్పుడు పంపాను?" అంది అమ్మ, హిందీలోనే.

సాబు మెమోను అక్కడికక్కడే చింపేశాడు. సెలవు లేదని చెప్పడానికి పాపం సాబు గది గదికీ స్వయంగా నడవాల్సి వచ్చింది... మెసేజీ పెడితే ఒక్కరూ నమ్మలేదు మరి. ఆ దొంగ మెసేజీ ఎవరు పెట్టారో తేలలేదు గానీ, ఆ వారమే నాన్న స్టేషన్‌లో లాగే ప్రతి మెసేజీకీ నంబరు ఉండాలని ఆర్డరొచ్చింది. నంబర్ల కాగితాలు రాసే పని అమ్మకే ఇచ్చారు. ఆవేళ నాకు కలిగినంత గర్వం నా సొంత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఇప్పుడా ఆకుపచ్చ తెరలు లేవు, మా క్వార్టర్‌లో ఇంకెవరో ఉంటున్నారు... కానీ అమ్మ రిటైరయ్యేదాకా ఆవిడ పేరు మీద ఒక్క దొంగ మాట పోలేదు. మీ అమ్మ గెలిచిన రోజు మీకు గుర్తుందా? రాయండి, అమ్మకు చదివి వినిపిస్తాను.