కుంటి ఆర్

దెయ్యాల కథలు పుస్తకాల్లో ఇష్టంగానే చదివాను. ఒక్కదాన్నీ నమ్మలేదు. మాది తాతల నాటి నుంచి మిషన్ చర్చికి వెళ్లే కుటుంబం. చనిపోయినవాళ్లు నిద్రిస్తున్నారని విన్నాం కానీ తిరుగుతున్నారని ఎవరూ చెప్పలేదు. అందుకే చూసింది చూసినట్టు రాస్తాను.

మా ఆయన నర్సీపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్-రే టెక్నీషియన్. తొంభైల్లో ఆ పని సగం చీకటి గదిలోనే జరిగేది. ఫిల్ము కడిగి, క్లిప్పుకు తగిలించి ఆరబెట్టాలి. చింతపల్లి నుంచి బస్సులో వచ్చినవాళ్లు అది ఆరేదాకా వరండాలో కూర్చునేవాళ్లు.

రోగి కుడివైపు ఏదో తెలియడానికి ఫిల్ము మీద ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం పడాలి. సీసంతో చేసిన చిన్న ముక్క అది. దాన్ని ప్లాస్టరుతో అంటించి ఎక్స్-రే తీసేవారు. మా ఆయన దగ్గరున్న ఆర్‌కు ఒక కాలు సగం విరిగిపోయింది. కొత్తది ఇచ్చినా మార్చలేదు. ఊళ్లో డాక్టర్లు ఆ కుంటి ఆర్ చూసే ఎవరు తీసిన ఫిల్మో చెప్పేవారు.

అక్షరం తప్పు వైపు పడితే ఆపరేషన్ కూడా తప్పు వైపు జరుగుతుందని ఆయన భయం. అలాంటి ఫిల్మును అక్కడికక్కడే చింపేయాలని తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన సత్యవతికి మొదటి రోజే చెప్పారట.

చీకటి గది పైన ఎర్ర బల్బు వెలుగుతుంటే తలుపు తీయకూడదు. స్కూలుకు సెలవైన రోజుల్లో నేను క్యారేజీ తీసుకువెళ్లి ఆ బల్బు కింద నిలబడేదాన్ని. ఇంట్లో రెండు మాటలు మాట్లాడని మనిషి లోపల సత్యవతికి ఏదో చెబుతూనే ఉండేవారు. ఆయన చేతులకు ఫిల్ము కడిగే హైపో మందు వాసన. ఆమె చేతులకూ అదే వాసన.

"మీ ఆయనకి ఎలుగులో ఒక కాపురం, సీకట్లో ఒక కాపురం. అదృష్టవంతుడే టీచరమ్మా" అని పక్కింటావిడ నవ్వింది. తప్పేమీ లేదని నాకు తెలుసు. తెలిసినా ఓర్చుకోలేకపోయాను.

రెండువేల సంవత్సరం దాటాక ఆసుపత్రికి డిజిటల్ మెషీన్ వచ్చింది. ఫిల్ము లేదు, కడగడం లేదు. తీసిన ప్లేటును రీడర్‌లో పెడితే బొమ్మ కంప్యూటర్లో కనిపిస్తుంది. ఆర్ అక్షరాన్ని కూడా మౌస్‌తో పెట్టేస్తారు. సత్యవతి బేగి నేర్చుకుంది. ఈయన మాత్రం కొన్నాళ్లు తన సీసం ముక్కనూ అంటిస్తూ వచ్చారు. బొమ్మలో రెండు ఆర్‌లు పక్కపక్కనే పడేవి.

"ఒక్క కుడిసేతికి ఇద్దరు సాక్షులేటి మాస్టారూ?" అందట సత్యవతి. ఆయన ఆ ముక్కను ఊడదీసి జేబులో వేసుకున్నారు. మళ్లీ బయటికి తీయలేదు. చీకటి గదిలో చీపుళ్లు, బకెట్లు పెట్టారు.

ఆ ఏడాదే గుండెపోటుతో పోయారు. పెట్టె మూయకముందు ఆ సీసం అక్షరాన్ని నేనే ఆయన చొక్కా జేబులో పెట్టాను. మూత నా కళ్ల ముందే బిగించారు.

కొన్ని నెలలకు సత్యవతి మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు. "అక్కా, మాస్టారి ఆర్ వొస్తంది. నానేటీ అంటించలేదు" అంది.

వెళ్లి చూశాను. ఎవరిదో ఛాతీ. కంప్యూటర్ పెట్టిన అక్షరం పక్కన, సరైన వైపునే, కుంటి ఆర్. నాకు భయం వేయలేదు. ఈమెకెందుకు వచ్చింది అనిపించింది, అంతే.

విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు చూసి, దీన్ని ఘోస్ట్ ఇమేజ్ అంటారని చెప్పాడు. ప్లేటు సరిగ్గా చెరగకపోతే పాత బొమ్మ కొంత మిగిలిపోతుందట. ఆ మాట విన్నాక హాయిగా అనిపించింది. ప్లేటులో మిగిలారు తప్ప ఆమె కోసం రాలేదు కదా అనుకున్నాను.

ప్లేట్లన్నీ మార్చారు. అయినా వచ్చింది. వేరేవాళ్లు తీస్తే రాలేదు. సత్యవతి తీసినవాటిలోనే, అదీ అప్పుడప్పుడు.

తర్వాత నాకు దగ్గు పట్టుకుంది. డాక్టరు ఛాతీ ఎక్స్-రే రాశాడు. ఎక్కడైనా తీయించుకోవచ్చు. నేను సత్యవతి డ్యూటీ కనుక్కొని మరీ వెళ్లాను. నాకూ రావాలి. అంతకంటే వేరే ఆశ లేదు.

ప్లేటుకు ఛాతీ ఆనించి నిలబడ్డాను. "ఊపిరి బిగపట్టండక్కా... ఇంక ఒగ్గీండి" అంది. ఆ మాటలు ఆయనవి. ఆ తీరు కూడా ఆయనదే.

తెర మీద నా పక్కటెముకలు వచ్చాయి. కుడివైపు కంప్యూటర్ అక్షరం. కుంటి ఆర్ కూడా ఉంది. కానీ ఎడమవైపు, గుండె మీద.

సత్యవతి దాన్ని చూసింది. "తప్పు సైడు. మాస్టారు ఇలగ పెట్టరు" అంది. నేను ఆగమనేలోపే మౌస్ నొక్కింది. బొమ్మ పోయింది. "తప్పు సైడుది ఉంచకూడదని ఆయనే కదక్కా సెప్పారు" అంది. చింపిన ఫిల్మైతే ముక్కలైనా ఏరుకునేదాన్ని.

మళ్లీ తీసింది. ఊపిరితిత్తులు బాగున్నాయి. అందులో ఇంకేమీ లేదు.

ఇంటికి వస్తుంటే ఆటోలో తట్టింది. నాకు ఎదురుగా ఎవరైనా నిలబడితే నా ఎడమ వాళ్లకు కుడి అవుతుంది, వాళ్ల ఆర్ అక్కడే పడుతుంది. అక్కడ నా ఎదురుగా, ఛాతీకి ఆనుకొని, ప్లేటు తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత కుంటి ఆర్ ఎవరి బొమ్మలోనూ రాలేదని సత్యవతి చెప్పింది. అది ఎలా వచ్చిందో, నా దగ్గరకు వచ్చాక ఎందుకు ఆగిపోయిందో ఈ రోజుకీ చెప్పలేను. ఆమె నిజంగా ఆయన నేర్పినందుకే చెరిపిందా అన్నదీ తెలియదు.

ఆమెకు వచ్చినవన్నీ ఆ కంప్యూటర్లో ఉన్నాయి. నాది లేదు.