ఆవుతో సహా లోపలే

రెండేళ్ల క్రితం మా ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి, ఉప్పలగుప్తం దగ్గర మా కొబ్బరితోటలో మ్యూజిక్ మిక్సింగ్ స్టూడియో కట్టారు. గోడల నిండా కొబ్బరి పీచు కూరి, బరువైన తలుపు పెట్టించారు. "లోపల ఢంకా కొట్టినా బయటికి వినబడదు" అని కనబడినవారికల్లా చెప్పేవారు.

గృహప్రవేశం రోజున ఆచారం ప్రకారం ముందు ఆవును నడిపించాం. వెనకే మేమిద్దరం, మా అత్తగారు, పంతులుగారు వెళ్లాం. వడ్రంగి సూరిబాబుకు పెట్టాల్సిన బండారులంక నేత పంచెలు నా చేతిలో ఉన్నాయి. ఇంతలో తలుపు దానంతటదే మూసుకుంది. లోపలివైపు పిడి ఇంకా బిగించనేలేదు!

ఫోన్లన్నీ బయటే ఉన్నాయి. తలుపు బాదాం, అరిచాం. బయట బంధువులేమో పూజ జరుగుతోందనుకుని టిఫిన్లకు కూర్చున్నారట. బయటే ఉండిపోయిన దూడ కనబడక ఆవు అంబా అంటూ గదంతా తిరగసాగింది. మా అత్తగారు కుర్చీ ఎక్కేశారు. పంతులుగారు మంత్రాలు ఆపేసి, "మీ ఢంకా సంగతేమో గానండీ, నా ప్రాణం పోయినా ఎవరికీ వినబడదు" అన్నారు.

అరగంటకు తలుపు తెరుచుకుంది. ఎదురుగా సూరిబాబు.

"బట్టలు పెడతామన్నారు, ఎంతకీ పిలవరేంటని వచ్చేనండీ."

"ఇంతసేపూ మా కేకలు వినబడలేదా?" అన్నాను కోపంగా.

అతని ముఖం వెలిగిపోయింది. "ఆయ్! ఒక్క ముక్క వినబడలేదండీ! పని అంత బాగా కుదిరిందన్నమాట!"

అప్పటికే పంచె అంచు ఆవు నోట్లో ఉంది.

అంత గట్టి పరీక్ష మరే స్టూడియోకీ జరిగి ఉండదు. ఇప్పుడు పాటలకు వచ్చినవాళ్లు "శబ్దం బయటికి పోదు కదండీ?" అని అడిగితే మా ఆయన వాళ్లమ్మ వైపు చేయి చూపిస్తారు. అత్తగారే జవాబు చెబుతారు.

"మా ఆవుని అడగండి బాబూ!"