రంగూన్‌లో పుట్టిన పుంగనూరు కోడలు

నా భార్య పోయిన నెల మదనపల్లె ఆసుపత్రిలో చనిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు. కబురు పుంగనూరు చేరగానే మావాళ్ళు అనుకున్న మాట: "బర్మా ఆమె పోయిందంట." పద్నాలుగేళ్ళు మా ఇంటి కోడలుగా ఉన్న మనిషికి మిగిలిన పేరు అది. నా కోపం ఇంకా తగ్గలేదు.

ఆమె తాత పుంగనూరు వైపు ఏదో పల్లె నుంచి రంగూన్‌కు కూలికి వెళ్ళాడు. మా అత్తగారూ, నా భార్యా అక్కడే పుట్టారు. ఈమెకు పదిహేడేళ్ళప్పుడు కాందిశీకులుగా ఓడెక్కి వచ్చి కుప్పంలో కాపురం పెట్టారు. ఏ పల్లె నుంచి పోయారో చెప్పడానికి తాత అప్పటికే లేడు.

పెళ్ళైన వారానికే మా మేనత్త అడిగింది. "మీ ఇంటి దేవర యాడుండాదమ్మా?"

"తెలీదత్తా."

"దేవర తెలీని ఇల్లు యాడన్నా ఉంటుందా!"

ఆ మాట ఆమెను వదల్లేదు. తాత ఊరి కోసం పుంగనూరు పక్కన చౌడేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో మూడుసార్లు వెతికాం. మూడోసారి ఒక పెద్దాయన అరుగు మీద నుంచే చేతులు చాపాడు. "మీ తాత తెలీకపోవడమేందమ్మా! మా నాయనా ఆయనా కలిసి గొర్రెలు మేపినోళ్ళు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె మాత్రం నెమ్మదిగా అడిగింది. "ఆయనకు ఆరో వేలు ఏ చేతికుండేదప్పా?"

"కుడి చేతికి. చిన్నప్పుడు సూసినా గదా."

ఆమె దండం పెట్టి లేచింది. బస్సులో చెప్పింది. "మా తాతకు ఐదు వేళ్ళే."

అవునని వచ్చేస్తే పోయేది కదా అని విసుక్కున్నాను.

"ఊరు దొరక్కపోతే పోనీ. అబద్ధం ఊరు నాకొద్దు" అంది.

ఏది ఇచ్చినా కుడిచేత్తో ఇస్తూ, ఎడమ చేతిని మోచేతికి ఆనించేది. బర్మాలో అది మర్యాదట. మా వదిన నవ్వేది. "ఏమ్మా, మజ్జిగ చెంబుకే చెయ్యి పడిపోతాందా?" మా మాట ఏడాదిలో పట్టుకుంది. చెయ్యి మాత్రం ఆమె మాట వినలేదు.

కుప్పం వెళితే అత్తగారు "మన రంగూన్‌లో" అని మొదలుపెట్టేది. ఈమె వంటింట్లోకి పోయేది. మా అమ్మాయి అమ్మమ్మ పక్క వదిలేది కాదు. ఒకరోజు బడిలో "మాది రంగూన్" అని చెప్పొచ్చింది.

"మదనపల్లె దాటి బెంగళూరన్నా సూసినావా? నీకు రంగూన్ యాడిది?" అంది వాళ్ళమ్మ.

"నువ్వు చౌడేపల్లె మూడుసార్లు సూసినావు కదమ్మా. ఏం దొరికింది?"

నేను పేపరు చదువుతున్నాను. తల ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది. ఏ ఊరి మనిషి అనిపించుకోవాలని ఉందో ఆమెను ఎన్నడూ అడగలేదు. నాకు తెలుసనే అనుకున్నాను.

పోయాక ఆసుపత్రి నుంచి ఆమెను పుంగనూరు తీసుకొచ్చాం. ముత్తయిదువగా పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అత్తగారు సంచిలోంచి తీసింది చీర కాదు. బర్మా ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే పట్టు లుంగీ. ఆకుపచ్చది, నిండా అలల్లాంటి గీతలు.

మేనత్త అడ్డం వచ్చింది. "ఇదేందమ్మా? పుట్టింటి చీర యాడ?"

"దాని పుట్టిల్లు ఇదేనమ్మా."

"నలుగురూ నవ్వరా? అంగట్లో ఒగ చీర తెప్పిచ్చి ఆమె చేతికియ్యండి, కప్పుతాది. నువ్వన్నా చెప్పప్పా!"

అందరూ నావైపు చూశారు. బతికుంటే నా భార్య ఏమనేదో నాకు తెలియదు. ఆ బట్టను విసిరికొట్టేదేమో. ఒళ్ళో పెట్టుకునేదేమో. అంగట్లో కొన్నదాన్ని పుట్టింటిదంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

"అదే కప్పండి" అన్నాను.

బట్ట చాల్లేదు. అత్తగారు భుజాల వైపు లాగింది, మా అమ్మాయి కాళ్ళ వైపు లాగింది. పాడె లేచినప్పుడు ఆకుపచ్చ అలలు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. మేనత్త రాసిన పసుపుతో పాదాలు రెండూ ఎండలో బయటే ఉన్నాయి.