పప్పు ఎప్పటిదాకా వద్దన్నారు?

ఇన్నేళ్లుగా నేనడుగుతున్న ఒక్క మాటకు ఎవరూ జవాబివ్వలేదు. అడిగినప్పుడల్లా చాదస్తమని నవ్వారు. మొన్న పేపర్లో చదివాను, ప్రాణవాయువు అందక దెబ్బతినే కిడ్నీ కణాలను కొన్ని అమైనో ఆమ్లాలు కాపాడుతున్నాయని ప్రయోగశాలల్లో చూశారట. పప్పు, గుడ్డు అరిగితే మన ఒంటికి చేరేవీ అమైనో ఆమ్లాలేనని కింద రాశారు. అది చదివాక అన్నం సయించలేదు.

రెండువేల పన్నెండు ఎండాకాలంలో ఎల్లారెడ్డి పక్కన మా బావి అడుగంటితే, తమ్ముడు డీజిల్ ఇంజన్‌ను లోపలికి దింపి నడిపించాడు. పొగ నిండి గాలాడక అక్కడే పడిపోయాడు. తాళ్లతో పైకి లాగాం, తెలివొచ్చింది, గండం గడిచిందనుకున్నాం. తెల్లారి చూస్తే మూత్రం బంద్. గాలి అందక కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పిన కామారెడ్డి డాక్టరే ప్రాణం నిలబెట్టాడు, కాదనను. కానీ ఇంటికి పంపేటప్పుడు పప్పు, గుడ్డు, మాంసం వద్దన్నాడు. ఎప్పటిదాకానో చెప్పలేదు.

మన ఇండ్లలో పత్యం సంగతి మీకు తెలియనిది కాదు, పెట్టినవాళ్లే విడిపించాలి. మూత్రం వచ్చింది, వాపు తీసింది, అయినా మమ్మల్ని కన్న మా అవ్వ పప్పు తగిలిన గంటెను కూడా వాడి కంచం దగ్గరికి రానివ్వలేదు.

"ఇంత పప్పుకట్టన్న పొయ్యరాదే అవ్వా, గంజి గొంతు దిగుతలేదు," అనేవాడు తమ్ముడు.

"డాక్టరు ఇడిపియ్యంది ఎట్ల పోస్త బిడ్డా, పానం పోతది," అనేది ఆమె.

ఆ మాట అడగడానికే నేను కామారెడ్డి పోయాను. "పప్పు కోసం బస్సెక్కి వచ్చినవా పెద్దమనిషీ, ఇంట్ల పెడ్తలేరా?" అని కాంపౌండరు అంటే కూర్చున్నవాళ్లంతా నవ్వారు. డాక్టరు తలెత్తకుండానే "వద్దన్న కదా" అన్నాడు. ఆ నవ్వులు నేను మరిచిపోలేదు.

ఎండిపోయిన ఒంటికి వానాకాలం జ్వరం తగిలింది. తట్టుకోలేకపోయాడు.

నర్సు చదివిన తమ్ముడి బిడ్డ నాకు నచ్చజెప్తుంది. "అది ప్రయోగశాల ముచ్చట పెద్దబాపూ, దెబ్బ తాకిన కిడ్నీకి పప్పు ఎక్కువైనా భారమే," అంటుంది. ఒప్పుకుంటాను. ఎంత, ఎప్పటిదాకా అన్నదే కదా నేనానాడు అడగబోయింది! ఇప్పుడా ఆసుపత్రిలో ఏం తినాలో చెప్పడానికే ఒక గది పెట్టారు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్తున్నారట.

ఆనాడు పప్పు వద్దన్న డాక్టరు గారూ, మా అవ్వ ఆనాటి నుంచి పప్పు ముట్టలేదు. కొడుకును పత్యంతో చంపుకున్నానా, కాపాడబోయానా అని నన్నడుగుతుంది. నాకు చెప్పకపోతే మానె, ఆమెకు మీరే చెప్పండి.