రెండో సీజన్ వచ్చేదాకా మా మామ దొంగ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నంద్యాలలో మా బడి స్టాఫ్‌రూమ్‌లో ఉండగా అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడు పాపా. కాపీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే" అంది. నేను కుర్చీలో కూలబడితే పక్కనున్న లెక్కల మేడం మెల్లగా అడిగింది: "ఆళ్లగడ్డలో విగ్రహాలు చేసే ఆయనేనా? ఆ సీరీస్‌లో వస్తాడే? ఇంకా జైల్లోనే ఉన్నాడనుకున్నా."

మా మామ జన్మలో జైలు గేటు చూసిన మనిషి కాదు. అయినా ఆ మేడం ఒక్కదాన్ని అని ఏం లాభం? ఊరు ఊరంతా అలాగే నమ్మింది. చదువుకున్నవాళ్లు ఇంకాస్త గట్టిగా నమ్మారు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దానిముందు నల్లరాళ్లు, ఎప్పుడు చూసినా కనుబొమల నిండా తెల్లటి రాతిపొడి. రాయి కొనేముందు సుత్తితో నాలుగుచోట్ల తట్టి, చెవి ఆనించి వినేవాడు. గంటలా మోగితేనే బండి ఎక్కించేవాడు. విగ్రహానికి అన్నీ అయ్యాక, ప్రతిష్ఠకు ముందు కళ్లు చెక్కేవాడు. కన్ను తెరిస్తే దేవుడు, అప్పటిదాకా రాయి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదటిరోజే ఒక మాట చెప్పేవాడు: "యాడ ఆపాలో తెలియనోడు ఉలి పట్టకూడదప్పా."

ఆ మాట తెలియనివాళ్లే మూడేళ్ల కింద నల్లకళ్లద్దాలు పెట్టుకుని కార్లో దిగారు. వెబ్ సీరీస్ తీస్తారట, పది రోజులు షెడ్డు కావాలట. "పూర్తిగా కల్పితం సార్" అన్నాడు దర్శకుడు. మామకు ఇష్టం లేదు. "మంచి పేరొస్తుంది, ఇవ్వు మామా" అని పోరుపెట్టింది నేనే. ఆ పాపంలో నా వాటా నాకుంది. ఎవరూ తీసేయలేరు.

వాళ్లు షెడ్డు తీసుకున్నారు. ఆయన తువ్వాలు, ఆయన ఉలులు, గడివేముల పక్క ఊరివాళ్ల కోసం చేస్తున్న ఆంజనేయుణ్ణి కూడా వాడుకున్నారు. నటుడికి ఉలి ఎలా పట్టాలో మామ రెండు రోజులు ఓపిగ్గా నేర్పాడు. అతనికి చివరికీ రాలేదు.

సీరీస్ వచ్చింది. మొదట్లో 'యథార్థ ఘటనల స్ఫూర్తితో' అని అరచేయంత అక్షరాలు. చివర్లో 'పాత్రలన్నీ కల్పితం' అని చీమలంత అక్షరాలు. మొదటిది జనాన్ని నమ్మించడానికి, రెండోది కోర్టు మెట్లెక్కకుండా జారుకోవడానికి. మధ్యలో ఎనిమిది ఎపిసోడ్ల చెత్త. మా సీమవాళ్లు కూరగాయలు బేరమాడతారనీ, పిల్లల మార్కుల కోసం పోట్లాడుకుంటారనీ ఆ మహానుభావులకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందులో టీ అడగాలన్నా తొడ కొట్టాల్సిందే. ఆళ్లగడ్డ శిల్పి ఒకడు విగ్రహాలు డొల్లగా చెక్కి, లోపల నాటుబాంబులు పెట్టి లారీల్లో పంపుతుంటాడు. చివరి సీన్లో పోలీసు ఆంజనేయుడి మీదికి సుత్తి ఎత్తుతాడు. సుత్తి కిందికి దిగదు. మిగతాది రెండో సీజన్‌లో చూసుకోవాలి.

అహోబిలం పోయే జీపులు మామ షెడ్డు దగ్గర ఆగడం మొదలైంది. భక్తులు దిగి, "బాంబులు యాడ పెట్టేవాడివి పెద్దాయనా?" అని నవ్వుతూ ఫొటోలు దిగేవాళ్లు. మామ మొదట నవ్వాడు. తర్వాత షెడ్డుకు వెదురు తడిక కట్టించాడు.

ఆంజనేయుణ్ణి చేయించుకున్న ఊరి పెద్దమనిషి నలుగురిని వెంటేసుకొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆయన మామకు ఎన్నో ఏళ్ల స్నేహితుడు.

"మాకేం అనుమానం లేదన్నా. ఊర్లో మాటలొస్తాండాయి. ఒకసారి తట్టి చూసుకుంటాం" అన్నాడు.

మామ తన సుత్తే చేతికిచ్చాడు. "తట్టుకోండప్పా. డొల్లయితే కడవ మాదిరి పలుకుతాది."

తట్టారు. గంటలా మోగింది. నలుగురూ మొహాలు చూసుకున్నారు. పెద్దమనిషి గొంతు సవరించుకుని, "రెండో సీజన్ రానీలే అన్నా. దాంట్లో ఏం తేలుస్తారో చూసి తీస్కపోతాం" అన్నాడు.

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. చేతిలో సుత్తి, చెవిలో మోత, ఎదురుగా జీవితమంతా ఎరిగిన మనిషి. ఇవేవీ సాక్ష్యం కాదు, ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని రాసేవాడు తేల్చాలి!

ఫోన్లో పంచాంగం తప్ప ఏదీ చూడని మామ ఆరోజు నుంచి ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసేవాడు. "వచ్చిందా పాపా?" ఆ శిల్పి నిర్దోషి అని వాళ్లు ఒక్క ముక్క చూపిస్తే చాలని ఆయన ఆశ. ఆయన పరువు వాళ్ల దయ మీద ఆధారపడటం నేను భరించలేకపోయేదాన్ని.

ఏడాదిన్నరకు వచ్చింది. మామ పొద్దున్నే బస్సెక్కి నంద్యాల వచ్చి, మా ఇంట్లో టీవీ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కథ ఎందుకో గోవా పోయింది. పడవలు, తుపాకులు, హీరోకి ఒక కవల తమ్ముడు. ముగించడం చేతగాక చివరికి ఇదంతా ఒక పిచ్చివాడి కల అన్నారు. అందులోనూ మూడో సీజన్‌కి కిటికీ తెరిచి పెట్టారు. సాయంత్రానికి పేర్లు పడుతుంటే మామ నావైపు తిరిగాడు.

"ఆ స్వామిని పగలగొట్నారా, లేదా?"

"దాని ఊసే లేదు మామా."

"మరి ఆ శిల్పి?"

"వాణ్ణి మర్చిపోయినట్టుండారు."

"మర్చిపోతే యట్ల పాపా? నేనుండా గదా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం చెప్పులేసుకుని బస్టాండుకు బయలుదేరాడు.

వారం తిరక్కముందే ఆ ఊరి పెద్దల్ని పిలిపించాడు. ఆంజనేయుణ్ణి నేల మీద పడుకోబెట్టి, నడుమ గీత గీసి, గీత వెంబడి గుంతలు తొలిచి ఇనుప చీలలు దిగ్గొట్టాడు. "స్వామిని పగలగొడతావా!" అని పెద్దమనిషి అడ్డం వచ్చాడు. "కన్ను తెరవలేదన్నా. ఇంకా రాయే" అని సమ్మెట ఎత్తాడు మామ. ఆయన సుత్తి కిందికి దిగింది. రాయి రెండుగా విచ్చుకుంది. లోపల వేలు దూరేంత సందు కూడా లేదు. "చూసుకున్నారు గదా, ఇంగ పోండి" అన్నాడు. ఎవరో వీడియో తీసి పెడితే, కింద వచ్చిన మొదటి వ్యాఖ్య: 'సీజన్ త్రీ ప్రోమో అదిరింది.'

ఆ తర్వాత మామ విగ్రహం చేయలేదు. రోళ్లు చెక్కాడు. ఎందుకని అడిగితే, "రోలైతే లోపలేముందో అందరికీ కనపడతాది పాపా" అన్నాడు. ఆయన చేసిన రోట్లోనే మా ఇంట్లో ఈరోజుకీ ఊరిబిండి పచ్చడి నూరుకుంటాం. నాకు ఓపిక అనేది ఏ కాస్త ఉన్నా అది ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

పదకొండో రోజు ఆ పెద్దమనిషి వచ్చాడు. ఫొటోకి దండేసి, అత్తను అడిగాడు: "మా గుడికి ఇంగ స్వామిని ఎవురు చేస్తారు తల్లీ?"

అత్త విస్తళ్లు తుడుస్తూ తలెత్తలేదు. "మూడో సీజన్ వస్తాది గదన్నా. దాంట్లో ఎవురన్నా చెక్కుతారేమో చూసుకోండి."

ఆయన వెనక్కి తిరిగాడు. తడిక తోసుకుని ఇంటి పక్కనే ఉన్న షెడ్డులోకి పోయాడు. భోజనాలకు పిలుద్దామని నేను వెళ్లేసరికి, విచ్చుకున్న రాయి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. లోపలివైపు అరచేయి పెట్టి, పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి, నెమ్మదిగా తడుముతున్నాడు.