కొరీన్ తీసుకున్న పెద్ద క్లాసు

అమెరికాలోని నెబ్రాస్కాలో డాక్టరీ చదవాలనుకునే పిల్లలకు డిగ్రీ మూడో ఏడు రాగానే ఒక తలనొప్పి పట్టుకుంటుంది. బయోకెమిస్ట్రీ క్లాసులు రెండు. చిన్నది ఒక్క సెమిస్టర్‌లో అయిపోతుంది. పెద్దది ఏడాది పొడుగునా సాగుతుంది, కెమిస్ట్రీనే నమ్ముకున్నవాళ్ళ కోసం పెట్టింది. మెడికల్ కాలేజీలకు చిన్నది చాలు. ఆ సంగతి కొరీన్ వాసెక్‌కు బాగా తెలుసు.

తెలిసి ఏం లాభం? ట్వైలా చిన్నది తీసుకుంది.

ఇద్దరిదీ ఒకే ఊరు. ట్వైలా అంటే కొరీన్‌కు చిన్నప్పటి నుంచీ కడుపుమంట. ఆ పిల్ల చదివినట్టే కనిపించదు, మార్కులు మాత్రం వచ్చి ఒళ్ళో వాలతాయి. కొరీన్ కళ్ళు పీక్కుపోయేలా చదివినా రెండో స్థానమే. చివరికి ట్వైలా వాళ్ళమ్మ చేసే కొలాచీ రొట్టెలు కూడా వీళ్ళమ్మ చేసేవాటికన్నా మెత్తగా ఉంటాయి. పోనీ ట్వైలా చెడ్డదైతే హాయిగా తిట్టుకునేది. ఆ అదృష్టమూ లేదు.

"నువ్వూ చిన్నదే తీసుకోవే, పక్కపక్కన కూర్చుందాం" అంది ట్వైలా.

పక్కన కూర్చుంటే ఎవరికెన్నొచ్చాయో మళ్ళీ ఊరంతా తెలుస్తుంది. ఒక్కసారైనా దానికన్నా పై మెట్టు మీద నిలబడాలని కొరీన్ పెద్దది తీసుకుంది.

మొదటి పరీక్షలో సగం మార్కులు కూడా రాలేదు. రెండోదాంట్లో ఇంకా తక్కువ. కాలేజీలో చదువు సలహాలిచ్చే మిసెస్ ఓల్డెన్‌బర్గ్ పిలిపించింది.

"చూడమ్మాయ్, ఏ క్లాసు చదివావని నిన్నెవరూ అడగరు. గ్రేడు మాత్రం అందరూ చూస్తారు. ఇలాగే ఉంటే మెడిసిన్ మాట మర్చిపోవాల్సిందే. గ్రేడు పడకుండా క్లాసు వదలడానికి ఇవాళే ఆఖరు. ఇప్పుడు వదిలెయ్, వచ్చే సెమిస్టర్‌లో చిన్నది తీసుకుందువుగాని."

కొరీన్ బుద్ధిగా తలూపింది. నేరుగా క్యాంటీన్‌కు వెళ్ళి, క్లాసు వదిలేద్దామని లాప్‌టాప్ తెరిచింది. అంతలో ట్రే పట్టుకుని ట్వైలా వచ్చి ఎదురుగా కూలబడింది.

"ఎక్కడా కనబడవేంటే! ఎలా ఉంది నీ పెద్ద క్లాసు?"

"బానే ఉంది."

"నీకేమే తల్లీ! నేను చిన్నదానికి ఎందుకు పోయాననుకున్నావ్? భయమేసి! మా అమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా 'కొరీన్‌ని చూసి నేర్చుకో' అని ఒకటే పోరు. నిన్ను చూస్తుంటే ఎంత కుళ్ళుగా ఉందో తెలుసా?"

కొరీన్ పుట్టి బుద్ధెరిగాక ఇంత తియ్యటి మాట వినలేదు.

"నిజంగా కుళ్ళేనా?"

"ఒట్టు! చచ్చేంత కుళ్ళు."

కొరీన్ లాప్‌టాప్ మూసేసింది. క్లాసు వదిలే గడువు దాటిపోయేదాకా అక్కడే కూర్చుని, తనకే ఒక్క ముక్కా అర్థం కాని ఎంజైముల పాఠమంతా ట్వైలాకు విడమరిచి చెబుతూనే ఉంది.